టీచరు గారు నవ్వారు

జూన్ 8, ఆదివారం

ఇందుమూలంగా గుండుగొలను గ్రామ ప్రజలకు, చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద కాపురముండే కొంగలకు, ఎదురింటి సూర్యకాంతం గారి కోడికి తెలియజేయడమేమనగా: ఏసుకుమార్ సౌండ్స్ అండ్ లైటింగ్స్ ప్రొప్రయిటరునగు నేను నేటి నుండి డైరీ రాయుటకు నిశ్చయించితిని. ఒకటవ అంశం, సదరు కోడి నా పాత ఆంప్లిఫయరు పెట్టెలో పెట్టిన గుడ్డు పెట్టె యజమానికే చెందును. రెండవ అంశం, మా ఆవిడ మెర్సీ పెట్టిన చింతకాయ పచ్చడిలో ఉప్పు గురించి ఇకమీదట ఈ నోరు మెదపదు. మూడవ అంశం, ఈ డైరీ చేపల మేత కంపెనీవారు జనవరిలో ఇచ్చినది. ఇన్నాళ్ళూ ఖాళీగా పోయిన పేజీలకు ఎవరూ బాధ్యులు కారు.

ఇదంతా మెర్సీ సలహా. ముప్పై ఏళ్ళుగా ఆటోకి మైకు కట్టుకుని చావు కబుర్లు, పన్ను నోటీసులు, సువార్త సభలు చాటినవాణ్ణి. ఇంటికొచ్చాక కూడా నోరు ఊరుకోదు. "ఆ నోటి తీటేదో పుస్తకంలో తీర్చుకోండి, ఇంట్లో మేమూ బతకాలి కదా" అంది.

ఇంకొకటి. ఆరాధన అయ్యాక రత్నకుమారి టీచరు గారు పిలిచారు. ఫోనులో పుస్తకాలు మాయమయ్యాయట. రేపొచ్చి చూస్తానండి అన్నాను.

జూన్ 9

వెళ్ళాను. నిజంగానే లేవు.

టీచరు గారు మిషను స్కూల్లో నాకు ఐదో తరగతి చెప్పారు. పొడుగు మెడ, తెల్లచీర. లెక్క తప్పితే ఒంటికాలి మీద నిలబెట్టేవారు. అందుకే స్కూలంతా చాటుగా కొంగ టీచర్ అనేది. ఆ పేరు పెట్టింది నేను కాదు, నా కంటే ముందే ఉంది. ఇప్పుడు డెబ్బై నాలుగు. నీటికాసుల జబ్బు ఎడమకన్ను పూర్తిగా తినేసింది. కుడికంట్లో తలుపు సందంత వెలుగు మిగిలింది. జీవితమంతా చదువుతూ బతికిన మనిషి. రెండేళ్ళ క్రితం నేనే 'చెవితోడు' అని ఒక యాప్ వేసిచ్చాను. అందులో పుస్తకాలు ఎవరో చదివి వినిపిస్తారు. పెన్షను వచ్చినప్పుడల్లా ఒకటో రెండో కొనుక్కునేవారు. నోటు నా చేతిలో పెట్టేవారు, నేను నా ఫోనులోంచి కట్టేవాణ్ణి. మా ఊళ్ళో సగం మంది కొనుగోళ్ళు ఇలా ఇంకొకరి ఫోనులోంచే.

అలా నలభై మూడు పుస్తకాలు. ఇప్పుడు ఆ చోట ఒకే ఒక్క మాట ఉంది. మీ అలమారా ఖాళీగా ఉంది, నెలవారీ సభ్యత్వం తీసుకోండి అని.

"నెలనెలా కడితే మళ్ళీ వినిపిస్తారంటండి" అన్నాను.

"నేను కొన్నాను కదా?"

"కొన్నారండి."

"కొన్న పుస్తకాన్ని షాపువాడు ఇంటికొచ్చి అలమారాలోంచి పట్టుకుపోతాడా?"

"వీళ్ళు పట్టుకుపోయారండి. చెప్పులైనా బయట విప్పలేదు."

నవ్వలేదు. ఒక డిటెక్టివు కథ సగంలో ఉందట. ఇంకా నాలుగు భాగాలు మిగిలాయట. "ఆ జమీందారుని ఎవరు చంపారో తెలుసుకోకుండానే పోతానేమోరా" అన్నారు.

"గుమాస్తా అయ్యుంటాడండి."

"నీకెలా తెలుసు?"

"మొహం చూస్తే తెలిసిపోద్దండి."

"మొహం ఎక్కడుందిరా, గొంతే కదా ఉన్నది."

ఫోను తీసుకుని చూశాను. ఏలూరు కంటాసుపత్రిలో ఎవరో అమ్మాయి తెర మీద అక్షరాలను పైకి చదివే ఏర్పాటు పెట్టిచ్చిందట. నా చేతికిచ్చే ముందు మాత్రం టీచరు గారు ఆ గొంతు ఆపేసి ఇస్తారు. "నీకు చిరాకు" అంటారు. నేను గుమ్మమెక్కితే చాలు, ఫోను దిండు కిందకు వెళ్ళిపోతుంది. రెండేళ్ళుగా ఇదే వరస. నేనేదో ఫోన్ల దొంగనన్నట్టు.

అకౌంటు తెరిచాను. పైన పేరు ఉంది. గుడ్డి కొంగ టీచర్.

నేనే పెట్టాను. పేరు చెప్పమని యాప్ అడిగింది, వేలు ఊరుకోలేదు. అయితే ఆవిడకు చెప్పే పెట్టాను. టీచరు గారు నవ్వారు. "ఏడ్చావులే, అదే ఉంచు" అన్నారు. నవ్వారు కాబట్టే ఉంచాను.

జూన్ 12

కంపెనీకి ఫోను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. నొక్కాను. కోడి గుడ్డు పెట్టింది. ప్రకటన ప్రకారం తిన్నాం.

జూన్ 20

తాడేపల్లిగూడెం వెళ్ళాను. మార్కెట్ దగ్గర నోటుపుస్తకాల కొట్టు శేషగిరిరావు గారిది. వినియోగదారుల సంఘం కార్యదర్శి కూడా ఆయనే. ఆ సంఘం సభకి నేనోసారి మైకు పెట్టాను. మైకు కూత పెట్టింది తప్ప ఆ రోజు ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. అయినా ఆయన మరిచిపోయినట్టే మర్యాద చేశారు.

"చట్టం మారిందండీ" అన్నారు. "రెండువేల పంతొమ్మిది నాటి చట్టంలో ఆన్‌లైన్లో అమ్మే డిజిటల్ సరుకు కూడా చేరింది. కంటికి కనపడనంత మాత్రాన సరుకు కాకుండా పోతుందా? కరెంటు కనపడుతుందా మీకు?"

"ముట్టుకుంటే తెలుస్తుందండి. నా వృత్తే అది."

"బటన్ మీద ఏమని ఉంది?"

"కొనండి అని."

"అద్దెకు తీసుకోండి అని లేదు కదా. మరి అమ్మినదాన్ని చెప్పకుండా లాక్కోవడం సేవాలోపం అవుతుంది. వాళ్ళ ఆఫీసు ఏ దేశంలో ఉన్నా, ఆవిడ ఉండేది ఇక్కడ కాబట్టి ఏలూరు వినియోగదారుల కమిషన్లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. లాయరు కూడా అక్కర్లేదండీ. ఇంతకీ అకౌంటు ఎవరి పేరు మీద ఉంది?"

"టీచరు గారిదేనండి."

అబద్ధం కాదు. పేరులో టీచర్ అని ఉంది.

జూలై 2

ఫిర్యాదు వెళ్ళింది. సంతకం చేయించాను. "ఎక్కడరా?" అంటే వేలు పట్టి గీత మీద పెట్టాను. కళ్ళు లేకపోయినా సంతకం స్కేలు పెట్టి గీసినట్టుంది. కళ్ళున్న నా సంతకం బొద్దింక నడిచినట్టుంటుంది.

ఆగస్టు 10

జమీందారుని వంటవాడు చంపాడని చెప్పాను. "అప్పుడు గుమాస్తా అన్నావు" అన్నారు. ఇద్దరూ కలిసి చంపారండి అన్నాను. ఈ మధ్య రోజంతా కిటికీ దగ్గరే కూర్చుంటున్నారట. ఏం చేస్తున్నారండీ అంటే, "విన్నవన్నీ మనసులో మళ్ళీ చదువుకుంటున్నాను. పేజీలు చిరుగుతున్నాయి" అన్నారు.

సెప్టెంబర్ 16

శేషగిరిరావు గారి ఫోను. మండవల్లి దగ్గర ఒక చెరువు వేలం చాటుతున్నాను. ఆటో ఆపి గట్టు మీద నిలబడి మాట్లాడాను.

"ఏసుకుమార్ గారూ, గుడ్డి కొంగ ఎవరండీ?"

మైకు ఇంకా ఆన్‌లో ఉందేమోనని ఆటో వైపు చూశాను.

"కంపెనీ జవాబిచ్చింది. రత్నకుమారి అనే వ్యక్తి మా ఖాతాదారే కాదు, ఆ పుస్తకాలు కొన్నది గుడ్డి కొంగ టీచర్ అనే వేరే వ్యక్తి, డబ్బు కట్టింది ఇంకొక ఫోను, కనుక ఈమెకు ఫిర్యాదు చేసే హక్కే లేదు అంటున్నారు. పుస్తకాలు తీసేశారా లేదా అనే దాకా పోనివ్వడం లేదు వాళ్ళు. గుమ్మంలోనే ఆపేస్తున్నారు."

"నేనే పెట్టానండి ఆ పేరు. సరదాకి."

"ఆవిడకి తెలుసా?"

"తెలుసండి. నవ్వారు."

ఆయన ఊపిరి పీల్చుకున్నారు. "అయితే దారి ఉంది. కొన్నవాడి అనుమతితో వాడుకునే మనిషిని కూడా చట్టం వినియోగదారుడనే అంటుంది. అకౌంటు తెరిచింది, డబ్బు కట్టింది మీరు. వింటున్నది ఆవిడ. జరిగింది జరిగినట్టు అఫిడవిట్ ఇవ్వండి. ఆ పేరు ఆవిడకి చెప్పే పెట్టానని కూడా రాయండి. లేకపోతే ముసలావిడ పేరు చెప్పుకుని ఎవరో దొంగ అకౌంటు నడిపారంటారు. అది నిజమే కదా, చెప్పే పెట్టారు కదా?"

ఎదురుగా నీళ్ళలో కొంగ. నా వంకే చూస్తోంది. "నిజమేనండి" అన్నాను.

సెప్టెంబర్ 19

అఫిడవిట్ టైపు చేయించాను. ఐదో పేరా ఇది. 'సదరు పేరును నేను ఫిర్యాదిదారు శ్రీమతి రత్నకుమారి గారికి తెలిపియే నమోదు చేసితిని. ఆమె నవ్వి అంగీకరించినారు.'

అన్ని కాగితాలూ నేనే చదివి వినిపించాలి కదా, ఇది కూడా చదివాను. మైకులో చదువుతూ చదువుతూ ఒక వాక్యం మింగేసి తర్వాతది అందుకోవడంలో నాకు ముప్పై ఏళ్ళ అనుభవం. ఊపిరి కూడా మారదు.

"నాలుగు తర్వాత ఆరు చదివావు" అన్నారు టీచరు గారు.

"టైపు చేసినవాడు ఐదు నంబరు వేయడం మర్చిపోయాడండి."

"లెక్కల్లో నువ్వెప్పుడూ ఇంతే" అన్నారు. ఇంకేమీ అడగలేదు.

ఎందుకు మింగానో నాకే తెలియదు. ఆవిడకు తెలిసిన సంగతే కదా. నవ్వారు కదా.

అక్టోబర్ 5

నాకు బాగా గుర్తు. కుడిచేత్తో నోరు కప్పుకుని నవ్వారు.

అక్టోబర్ 18

ఎడమచేత్తో. కుడిచేతిలో టీ గ్లాసుంది. టీ కొంచెం చీర మీద ఒలికింది కూడా. అంత నవ్వారు.

అక్టోబర్ 19

మెర్సీని అడిగాను, నీకు గుర్తుందా టీచరు గారు నవ్వింది అని. "నేనక్కడ లేను కదండీ" అంది. తర్వాత అంట్లు తోముతూ, "ఆవిడ నవ్వగా నేను చూసిందే తక్కువ" అంది. అడగని సంగతులు చెప్పడం ఈమెకు అలవాటు.

నవంబర్ 11

ఏలూరు. పొద్దున పల్లెవెలుగులో తీసుకెళ్ళాను. టీచరు గారు ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకున్నారు, స్కూలు తనిఖీ రోజుల్లో కట్టుకునేటట్టు. బస్సులో దెందులూరు వచ్చిందా, ఏలూరు వచ్చిందా అని అడుగుతూ కూర్చున్నారు.

కమిషన్ హాలు మా చర్చి కంటే చిన్నది. ఎత్తు బల్ల వెనకాల ఒక పెద్దాయన, పక్కన ఒక మేడమ్. శేషగిరిరావు గారు మా వైపు. కంపెనీ వైపు లాయరు ఉషశ్రీ గారని చిన్న పిల్ల. ఆ పేరు చదవాల్సొచ్చేసరికి గొంతు తగ్గించింది. పెద్దాయన "గట్టిగా చదవండమ్మా" అన్నారు. పిల్ల చదివింది. గుడ్డి కొంగ టీచర్. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఎన్ని పేర్లు, ఎన్ని సభల్లో, ఎంత గట్టిగా చాటానో నేను. ఒక పేరు ఇంత పెద్దగా వినపడటం ఎప్పుడూ ఎరగను.

తర్వాత ఆ పిల్ల నా అఫిడవిట్ ఐదో పేరా చదివింది. ఒక్క అక్షరం మింగలేదు.

టీచరు గారు నా పక్కనే కూర్చుని ఉన్నారు. నేను ఆవిడ చెప్పులు చూస్తున్నాను.

పెద్దాయన అడిగారు. "అమ్మా, ఈ పేరు మీకు ముందే తెలుసా?"

"తెలుసండి."

"ఇతను చెప్పాడా?"

"ఫోను చెప్పేదండి. నాకు కళ్ళు కనపడవు కదా, అది అన్నీ పైకి చదువుతుంది. పుస్తకం విందామని తెరవగానే, స్వాగతం గుడ్డి కొంగ టీచర్, అనేది. రోజూ పొద్దున్నే. రెండేళ్ళు."

పెద్దాయన కలం పక్కన పెట్టారు.

"మీకు అభ్యంతరం అనిపించలేదా?"

"పుస్తకం దాని వెనకాలే మొదలయ్యేదండి."

"నవ్వి ఒప్పుకున్నారని ఇతను రాశాడు. నిజమేనా?"

టీచరు గారు నా వైపు తిరిగారు. నేను ఎక్కడున్నానో ఊపిరిని బట్టి తెలుసు ఆవిడకు. తర్వాత బల్ల వైపు తిరిగి, "వీడు నా దగ్గర ఐదో తరగతి చదివాడండి. ప్రమాణం చేసి రాశాడు కదండీ" అన్నారు.

పెద్దాయన అదేదో రాసుకున్నారు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు ఇచ్చాను. దెందులూరు దాటాం. అప్పుడు, "వరికోతలు మొదలెట్టారా? వాసనొస్తోంది" అన్నారు. మొదలెట్టారండి అన్నాను. అంతే.

నవంబర్ 12

రాయడానికి ఏమీ లేదు.

నవంబర్ 13

ఆవిడ కాదనలేదు కదా. నిండు హాల్లో కాదనలేదు. నవ్వి ఉండకపోతే కాదనేవారు కదా.

నవంబర్ 30

ఫోను దిండు కింద పెట్టేది నేను దొంగననుకుని కాదు. నేను గుమ్మంలో ఉండగా అది ఆ పేరు చెప్పకుండా. నాకు వినపడకుండా. ఆవిడ సిగ్గుతో కాదు. నాకు సిగ్గేస్తుందని.

ఇది అర్థం కావడానికి నాకు దాదాపు మూడు వారాలు పట్టింది. పదో తరగతి ఊరికే తప్పలేదు నేను.

డిసెంబర్ 24

మూడు చర్చిలు, రెండు ఆంప్లిఫయర్లు. టీచరు గారు ముందు వరసలో కూర్చున్నారు. మైకు పరీక్షకి ఎప్పుడూ ఏదో ఒక జోకు వేస్తాను. ఈసారి ఒకటి, రెండు, మూడు అన్నాను. పాస్టరు గారు ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

జనవరి 22

తీర్పు వచ్చింది. గెలిచాం.

శేషగిరిరావు గారు స్వయంగా గూడెం నుంచి స్కూటరు మీద పట్టుకొచ్చారు. కొనండి అని రాసి అమ్మాక తిరిగి తీసుకోవడం సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి. కొన్నవాడి అనుమతితో వాడుకుంటున్నందువల్ల ఫిర్యాదిదారు వినియోగదారే. నలభై మూడు పుస్తకాలూ అదే ఖాతాలో, ఫోనులో దాచుకోవడానికి వీలుగా, నలభై ఐదు రోజుల్లో తిరిగివ్వాలి. పైన పరిహారం, ఖర్చులు. "డిజిటల్ సరుకు మీద మన జిల్లాలో ఇలాంటిది నేను చూడలేదండీ" అంటూ ఆయన పొంగిపోయారు. మీ అఫిడవిటే నిలబెట్టింది అని నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన వెళ్ళాక టీచరు గారు, "చదువు. ఏదీ మింగకు" అన్నారు.

చదివాను. పదకొండో పేరా దగ్గర ఆగాను.

"చదవరా."

"సదరు పేరును ఫిర్యాదిదారు తెలిసి, నవ్వి అంగీకరించినట్లు సాక్షి ప్రమాణపూర్వకంగా తెలిపినారు. ఫిర్యాదిదారు దానిని ఖండించలేదు."

"ఇంకోసారి."

ఇంకోసారి చదివాను.

"అయితే నేను నవ్వాననే ఉంటుందన్నమాట ఇక" అన్నారు.

"ఒంటికాలి మీద నిలబడమంటారా టీచరు గారండీ?"

"నిలబడినా నాకు కనపడదు కదరా."

ఫిబ్రవరి 26

పుస్తకాలు వచ్చాయి. కబురు చేస్తే వెళ్ళాను. ఈసారి ఫోను దిండు కింద లేదు. మంచం మీద, నా ఎదురుగానే తెరిచారు. అది చెప్పింది. స్వాగతం, గుడ్డి కొంగ టీచర్. ఆడగొంతు, చాలా మర్యాదగల గొంతు. నేను పెట్టిన పేరు ఆ ఫోను చెప్పగా వినడం ఇదే మొదటిసారి.

"పేరు మార్చేస్తానండి. అర నిమిషం పని."

"వద్దు."

"మీ పేరు పెడతానండి. పూర్తి పేరు."

"ఆర్డరులో 'అదే ఖాతా' అని రాశారు కదా. మారిస్తే ఆ వంకన మళ్ళీ పట్టుకుపోతారేమో. ఉండనీ. నాకు పుస్తకాలు కావాలి."

అలా కాదండి, పోవండి అని నచ్చచెప్పాను. నా మాట నమ్మలేదు. ఎందుకు నమ్మాలి.

ఆ నాలుగు భాగాలూ కూర్చుని విన్నాం. జమీందారుని చంపింది గుమాస్తా కాదు, వంటవాడూ కాదు. "నీకొక్కటీ తెలీదురా" అన్నారు. చివర్లో టీచరు గారి మొహం చూశాను. దొరికాడు దొంగ అన్నట్టు పెదవి ఒక పక్కకి లాగి, శబ్దం లేకుండా నవ్వారు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆవిడ నవ్వితే ఎలా ఉంటుందో నాకు ఇవాళ తెలిసింది.

అందుకని ఇందుమూలంగా ఎవరికీ తెలియజేయకుండా రాసుకుంటున్నాను. ఈ డైరీలో కోడి నిజం, గుడ్డు నిజం, మండవల్లి కొంగ నిజం. ఆ రోజు టీచరు గారు నవ్వలేదు. ఆవిడకు నేనేమీ చెప్పలేదు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, టీ గ్లాసు, చీర మీద మరక, "ఏడ్చావులే, అదే ఉంచు" అన్న మాట, అన్నీ నేను కల్పించినవి. జరిగింది ఇంతే. నేను యాప్‌లో టైపు చేస్తుంటే, "నా పేరు తప్పుల్లేకుండా రాశావా నాయనా" అని అడిగారు. రాశానండి అన్నాను. "మంచి పని చేశావు" అన్నారు.